మాటు వేసిన ములికి

మా ఇంట్లో మాంసం ముట్టనిదాన్ని నేనొక్కదాన్నే. అత్తవారిది కడప వైపు. ఆదివారం పూట పొట్టేలు కూర ఉడక్కపోతే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకునే కుటుంబం. మా పుట్టింట్లోనూ అందరూ తింటారు. చిన్నప్పుడెప్పుడో నాకు సయించక మానేశాను, అంతే, అందులో సిద్ధాంతం ఏమీ లేదు. అలాంటి నేను ఇవాళ పాత వేట ములుకుల గురించి ఎవరైనా అడిగితే అరగంట ఆపకుండా మాట్లాడగలను. ములికి అంటే బాణం కొసన ఉండే ఇనప మొన. మా ఆయన దీన్ని నా పిచ్చి అంటాడు. పిచ్చి కాదు. ఒక మనిషి మీద నాకున్న కృతజ్ఞత అలా ఇనుము రూపంలో మిగిలిపోయింది.

ఆ మనిషిని మేమంతా ‘సర్’ అనేవాళ్ళం. దోహాలో మాదొక చిన్న ల్యాబ్. పైపు పగిలినా, బోల్టు తెగినా, వెల్డింగ్ ఊడినా ఆ ముక్కలు మా దగ్గరికి వస్తాయి. ఎందుకు విరిగిందో చెప్పడం మా పని. సర్ మా అందరికీ పెద్ద. అమెరికాలో ఉత్తరాన, మంచు పడే అడవుల వైపు ఆయన ఊరు. కానీ జీవితంలో సగానికి పైగా ఈ ఎడారిలోనే గడిపారు. మీటింగ్ మొదలుపెట్టడానికి ‘యల్లా’ అనేవారు, ముగించడానికి ‘ఖలాస్’ అనేవారు. మధ్యలో పెద్దగా ఏమీ అనేవారు కాదు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది ఆయనే. పెళ్ళయ్యాక మా ఆయన వీసా మీద ఖతర్ వచ్చి, పాపను పెంచుతూ కొన్నేళ్ళు ఇంట్లోనే ఉండిపోయాను. నా మెటలర్జీ డిగ్రీ బీరువాలో పట్టుచీరల అడుగున హాయిగా నిద్రపోయింది. మళ్ళీ ఉద్యోగం కోసం తిరగడం మొదలుపెడితే, వెళ్ళిన ప్రతిచోటా ఆ ఖాళీ ఏళ్ళ గురించే అడిగేవారు. పిల్లను పెంచానంటే ‘ఓహో’ అనేవారు. ‘ఓహో’ అన్నవాళ్ళెవరూ మళ్ళీ ఫోన్ చెయ్యరు. ఆ సంగతి నాకు బాగా అర్థమైపోయింది.

సర్ ఆ ప్రశ్నే వెయ్యలేదు. సొరుగులోంచి ఒక విరిగిన బోల్టు తీసి నా అరచేతిలో పెట్టారు.

“ఏం కనిపిస్తోందో చెప్పండి. ఎందుకో తర్వాత,” అన్నారు.

నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాను. విరిగిన చోట ఒకవైపు అలలు అలలుగా నున్నగా ఉందని, రెండోవైపు గరుకుగా ఉందని చెప్పాను. నా తెలివి చూపించుకుందామని “అంటే పగులు మెల్లగా పాకి...” అని మొదలుపెట్టాను.

“అది ఎందుకు అనే ప్రశ్నకు జవాబు. నేను అడిగింది ఏమిటి అని. కానీ బాగా చూశారు,” అన్నారు. ఆదివారం నుంచి రమ్మన్నారు, ఇక్కడ పనివారం మొదలయ్యేది ఆరోజే.

ఆ రోజు ఇంటికొచ్చి, బాత్రూంలో కుళాయి తిప్పి మరీ ఏడ్చాను. ఇన్నేళ్ళ తర్వాత నన్ను ఎవరో మెటలర్జిస్టుగా చూశారు. ఆ మేలు నేను మర్చిపోయేది కాదు.

తర్వాత్తర్వాత సర్ మీటర్లు చదివేటప్పుడు తల పక్కకు తిప్పి, కంటి కొసతో చూడటం గమనించాను. మెడ పట్టేసిందేమో అనుకున్నాను. ఒకరోజు టీ తాగేటప్పుడు ఆయనే చెప్పారు. చూపు మధ్యలో మసకగా ఒక మచ్చ ఉందట. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది, చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్లు తేల్చేశారు. అక్టోబరు దాటగానే ఉద్యోగం మానేసి సొంత ఊరు వెళ్ళిపోతున్నానన్నారు.

ఆ మర్నాడు ఆయన ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మూత తీస్తే లోపల తుప్పు పట్టిన ములుకులు గుప్పెడున్నాయి.

“జింకల వేటకు వాడేవి,” అన్నారు.

“మీరు జింకల్ని చంపుతారా సర్?” అన్నాను. నా మొహం ఎలా పెట్టానో గానీ ఆయన నవ్వారు.

“చాలా ఏళ్ళు చలికి వణికి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. దొరికిన ఏడాది మాత్రం చలికాలమంతా మా ఇంట్లో అదే తిన్నాం.”

సంగతేమిటంటే, వాళ్ళ నాన్నకు వేట అలవాటు. తుపాకీ కాదు, చెక్క విల్లు, చెక్క బాణం. ఆ విల్లు ఇప్పుడు సర్ వాళ్ళ చెల్లెలి దగ్గర ఉంది. ఆ నవంబరులో అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ నాన్న తిరిగిన అడవికే వెళ్ళాలని అనుకున్నారు. బాణం చెల్లెలు వేస్తుంది. “చూపు సరిగా లేనివాడు బాణం వదలకూడదు, అది జంతువుకు అన్యాయం. నేను పక్కన కూర్చుంటాను,” అన్నారు. అయితే ఆ బాణానికి నాన్న జీవితమంతా వాడిన ములికే ఉండాలి. అది ఈ డబ్బాలోనే ఉంది. కానీ కుర్రతనంలో తను కొని దాచిన అలాంటివే మరికొన్ని దాంతో కలిసిపోయాయి. మునుపైతే చూడగానే గుర్తుపట్టేవారట. దాని ఒక రెక్క మీద, కొసకు దగ్గరగా, పాత నల్లరంగు ఇంకా కాస్త అంటుకుని ఉంటుంది. మిగతావాటికి రంగంతా ఎప్పుడో రాలిపోయింది.

“ఇప్పుడు నాకు అన్నీ ఒకటే మసక,” అన్నారు. “నా బదులు మీరు చూడగలరా?”

నన్ను చూడమని ఆయన అడగడం అది రెండోసారి. కాదని ఎలా అంటాను?

తర్వాత టీ విరామాలన్నీ పాఠాలైపోయాయి. పాత ములికిని ఎలా పోల్చుకోవాలో ఆయన వేళ్ళతో చూపించేవారు, నేను భూతద్దంతో చూసేదాన్ని. పాతవి మరతో బిగించేవి కావు. బాణం కర్ర దూరే చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని కరిగించిన జిగురుతో అతికించేవారు. ఆ గొట్టానికి రెండు పక్కలా రెక్కలుంటాయి. రెక్కల్ని గొట్టానికి మేకుతో బిగించారా, వెల్డింగ్ చుక్కలతో అతికించారా అన్నదాన్నిబట్టి ఏ కార్ఖానాదో తెలుస్తుంది. ఇప్పటివాళ్ళు పాతవాటిలాగే నకళ్ళు చేసి అమ్ముతారు. వాటి రెక్కల అంచు మందమంతా ఒకేలాగా సన్నని గీతలు గీతలుగా ఉంటుంది, లేజరుతో కోస్తారు కాబట్టి. పాతవాటిని అచ్చుతో కొట్టి తీసేవారు. అందుకని అంచు సగం మందం నున్నగా, మిగతా సగం చింపినట్టు గరుకుగా ఉంటుంది. ఇది నాకు వెంటనే తలకెక్కింది, ఇనుము ఎక్కడైనా ఇనుమే కదా.

వాడే పద్ధతీ చెప్పారు. ములికి పదును లేకపోతే జంతువు గాయంతో పరిగెత్తి ఎక్కడో బాధపడి చస్తుంది, అంతకంటే పాపం లేదన్నారు. పదును తెలియాలంటే రబ్బరు బ్యాండును సాగదీసి అంచును ఊరికే ఆనించాలట. నొక్కకుండానే తెగాలి. వేట నాకు నచ్చలేదు, నచ్చదు. కానీ చంపే జంతువు బాధ గురించి అంత పట్టింపుగా మాట్లాడేవాళ్ళను మాంసం తినేవాళ్ళలో నేను అదివరకు చూడలేదు.

ఈలోగా దసరా వచ్చింది. ఇక్కడ దసరాకు సెలవేం ఉండదు, దగ్గర్లో పడే శుక్రవారం నాడు మేం ఇంట్లో పూజ చేసుకుంటాం. తుప్పు ముదిరి నల్లబడటంతో ల్యాబ్ దీపాల కింద రంగేదో తుప్పేదో నాకూ తేలలేదు. అందుకని గురువారం సాయంత్రం డబ్బాను ఇంటికి తెచ్చి, శుక్రవారం మధ్యాహ్నం తీరుబడిగా పగటి వెలుతురులో చూద్దామని ఫ్రిజ్ మీద పెట్టాను.

అప్పటికి మా అత్తయ్య మా దగ్గరికి వచ్చి నెల దాటింది. అల్ మన్సూరాలో మాది ఐదో అంతస్తు. కింద దుకాణాలు, హారన్లు, పార్కింగ్ కోసం తిట్లు. ఆవిడకు బయటికి వెళ్ళి మాట్లాడటానికి మనుషులు లేరు, చేతులు ఊరుకోవు. వచ్చిన వారానికే మా గిన్నెల అడుగులన్నీ తెల్లబడ్డాయి. పాలగిన్నెకు కొన్నేళ్ళుగా అంటుకున్న మాడును ఆవిడ ఒక పూటలో వదిలించారు. నేను మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తలచుకుంటే అప్పుడే జాగ్రత్తపడాల్సింది అనిపిస్తుంది.

శుక్రవారం పొద్దున్నే నేనూ మా ఆయనా పూలు, అరటిపళ్ళు, గుమ్మడికాయ తేవడానికి అబూ హమూర్ మార్కెట్‌కు వెళ్ళాం. తిరిగొచ్చేసరికి పూజగూడు ముందు పీట వేసి, ముగ్గు పెట్టి, అత్తయ్య ఆయుధ పూజకు అంతా సిద్ధం చేసేశారు. మా ఆయన లాప్‌టాప్, కారు తాళాలు, సైటులో పెట్టుకునే హెల్మెట్, నా కత్తెర, ఊరి నుంచి ఆవిడ సూట్‌కేసులో చీరలు చుట్టి తెచ్చిన కత్తిపీట. వాటన్నిటి ముందు, పెద్ద ఇత్తడి పళ్ళెంలో, వెండిలా తళతళ మెరుస్తూ ములుకులు. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, మీద ఒక్కో పూరేకు.

చేతిలోని గుమ్మడికాయను గుమ్మంలోనే కింద పెట్టేశాను.

“అత్తయ్యా! వీటిని ఏం చేశారు?”

“తోమినా,” అన్నారు ఆవిడ, మెప్పు కోసం చూస్తున్నట్టు. “ఇంట్లో ఇట్లాంటి ఆయుధాలు పెట్టుకోని నాకు చెప్పొద్దా, మే? ఏందా తుప్పు! పొద్దున్నించి చింతపండులో నానబెట్టి, పీచుతో రుద్ది రుద్ది, మళ్ళ తుప్పు పట్టకుండా టెంకాయ నూనె పూసి పెట్టినా. ఎట్లుండాయో సూడు.”

ఎలా ఉన్నాయో చూశాను. అన్నీ ఒకటే తెలుపు. ఏ రెక్క మీదా నల్లరంగు చుక్కంతైనా లేదు. సర్ తన తండ్రి ములికిని గుర్తుపట్టడానికి ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు మా వంటింటి సింకులో కొట్టుకుపోయింది.

నాకు కోపం వస్తే నోరు ఆగదు. “ఎవరు తోమమన్నారు మిమ్మల్ని? అవి మనవి కావు, ఒక పెద్దాయన నమ్మి ఇచ్చినవి!” అని అరిచాను. మా ఆయన, పార్కింగ్ సరిగా పెట్టానో లేదో చూసొస్తానని చెప్పి, మెల్లగా జారుకున్నాడు. అమ్మకూ పెళ్ళానికీ మధ్య గొడవ వచ్చిన ప్రతిసారీ ఆయనకు పార్కింగ్ గుర్తొస్తుంది.

“నేను పాడు చేసినానా, బాగు చేసినానా?” అన్నారు అత్తయ్య. “దసరా పూట ఇనుమును తుప్పుతో ఉంచితే ఇంటికి మంచిదా?”

నేను పళ్ళెం ముందు కూలబడ్డాను. ఒక్కొక్కటే తీసి చూస్తుంటే ఇంకో సంగతి తెలిసింది. ఒకటి తగ్గింది. డబ్బా చూశాను, సింకు చూశాను, చెత్తబుట్టలో చింతపండు పిప్పి కెలికాను. ఎక్కడా లేదు. ఇంక ఏడుపు ఒక్కటే తక్కువ.

“దేనికోసరం ఎతుకుతాండావు?” అన్నారు అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, ఇంకా అలకతోనే.

“ఒకటి కనిపించడం లేదు.”

“అదా? అది మాటేసింది. మాటేసింది పూజకు పెట్టరు. బియ్యం డబ్బా ఎనక పెట్టినా, పో, తీసుకో.”

చెంబుకో బిందెకో చిల్లు పడితే అతుకు వేయిస్తాం చూడండి, అది మాటు. మాటు పడ్డ చెంబును వాడుకుంటారే గాని దేవుడి దగ్గర పెట్టరని మా అత్తగారింటి పట్టింపు. నేను బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి ఆ ములికిని బయటికి తీశాను. కాగితంలో చుట్టి ఉంది. కాగితం విప్పి బాల్కనీలోకి వెళ్ళి భూతద్దం పెట్టాను.

మిగతావాటికి రెక్కలూ గొట్టమూ కలిసే చోట కార్ఖానా వెల్డింగ్ చుక్కలున్నాయి, అన్నిటికీ సరిగ్గా ఒకేచోట. దీనికీ ఉన్నాయి. కానీ దీని కొస ఎప్పుడో విరిగింది. విరిగిన రెండు ముక్కల మధ్య పచ్చగా, సన్నగా, ఇత్తడి గీత. చింతపండు తగిలిన ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. అది కార్ఖానా పని కాదు. ఎవరో మంట ముందు కూర్చుని చేత్తో అతికించారు. ఇత్తడి ఒకచోట కాస్త ఎక్కువ పారి, ఆవగింజంత బుడిపెగా గట్టిపడింది.

“అత్తయ్యా, దీని మీద నల్లరంగు ఉందా ముందు?” అన్నాను. గొంతు తగ్గించాను.

“ఉండె. దీని ఒక్కదాని మీదనే. ఎంత రుద్దినా వదల్లేదు, చేతులు నొప్పి పుట్టినాయి. మిగిలినవన్నీ ఉత్త తుప్పే.”

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తోమకపోతే రంగు పోయేది కాదు, నిజమే. కానీ అంత ఒళ్ళు దాచుకోకుండా తోమారు కాబట్టే ఆ రంగు ఎక్కడుండేదో ఆవిడకు గుర్తుంది. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “పోనీలే, వడలు చల్లారిపోతాయి, రా,” అన్నారు. పూజ చేసుకున్నాం. అయినా అత్తయ్య మాట ఒక్కదాని మీద ఆధారపడి, ఇదే మీ నాన్నది అని సర్‌తో ఖాయంగా చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. రంగు పోయిందన్న మాట ముందు చెప్పాలి కదా. శనివారమంతా నాకు తిండి సయించలేదు.

ఆదివారం ల్యాబ్‌లోకి వెళ్ళగానే సర్ గది తలుపు వేసి, జరిగిందంతా చెప్పేశాను. చింతపండు, పీచు, టెంకాయ నూనె, పూరేకులు, ఏదీ దాచలేదు. నల్లరంగు పోయిందన్నప్పుడు ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

చివరికి, “సరే,” అన్నారు. “ఇప్పుడు ఏం కనిపిస్తోందో చెప్పండి. ఎందుకో తర్వాత.”

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అతుకు పడిన ములికిని మైక్రోస్కోపు కింద పెట్టి, చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను. కొస విరిగింది. ఇత్తడితో అతికించారు. చేతిపని. ఆకురాయితో రెండు వైపులా సాపు చేశారు. ఒకచోట మాత్రం సాపు చెయ్యలేదు, ఆవగింజంత బుడిపె వదిలేశారు.

“బుడిపె?” అన్నారు సర్.

“అవును సర్.”

“ఇలా ఇవ్వండి.”

ములికిని ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో మెల్లగా తడిమారు. వేలు ఆ బుడిపె దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి తడిమారు. తర్వాత రెండో చేత్తో తన కళ్ళజోడు తీసి, ముక్కు మీద కళ్ళజోడు ఆనే చోటును రుద్దుకున్నారు.

“మా నాన్న రైతుల పనిముట్లు బాగుచేసేవాడు,” అన్నారు. “నాకు చిన్నప్పుడే అద్దాలొచ్చాయి. ఒకసారి కళ్ళజోడు ముక్కు దగ్గర విరిగితే ఇత్తడితో అతికించాడు. సరిగ్గా ఇలాంటి బుడిపె మిగిలింది. బడిలో అందరూ నవ్వేవారు. గీకెయ్యి నాన్నా అంటే, గీకితే పట్టు పోతుంది, ఉండనీ, అనేవాడు. చదువుకున్నన్నాళ్ళూ ఆ బుడిపెను నా ముక్కు మీద మోశాను.”

మళ్ళీ వేలితో తడిమారు. “ఇది అతుకు పడిందని నాకు తెలియనే తెలియదు. ఏ మచ్చా లేనిదనుకున్నాను ఇన్నేళ్ళూ. మీద రంగు పూసి దాచేశాడు, చూడండి, ముసలాయన.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు. నేను మైక్రోస్కోపు దీపాన్ని సరిచేస్తున్నట్టు నటించాను. నాకూ కళ్ళు మసకలే.

“రంగు పోయిందని మీరేం బాధపడకండి,” అన్నారు కాసేపటికి. “రంగు ఉన్నంతకాలం నేను చూసింది రంగునే.”

అక్కడితో అయిపోలేదు. ములికి దొరికింది, కానీ అది వాడటానికి పనికొస్తుందా? అతుకు లోపల ఎక్కడైనా పగులుంటే, తగిలినప్పుడు కొస విరిగి జంతువు శరీరంలో ఉండిపోతుంది. పగులుంటే దాన్ని వాడే ప్రసక్తే లేదన్నారు సర్, నాన్నదైనా సరే. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు కనిపించింది.

పగుళ్ళు పట్టుకోవడం మా ల్యాబ్‌లో రోజూ చేసే పనే. ముక్క మీద ఎర్రరంగు ద్రవం పూసి, పైపైన తుడిచేసి, తెల్లపొడి చల్లుతాం. కంటికి కనిపించని పగులు ఎక్కడున్నా లోపల దాక్కున్న ఎరుపు తెల్లపొడి మీదికి గీతలా ఊరుతుంది. ఎన్నో పైపులకు చేశాను, ఎన్నడూ దేవుణ్ణి తలచుకోలేదు. ఆ రోజు పొడి చల్లి, చేతులు కట్టుకుని, మా ఇలవేల్పుతో మొదలుపెట్టి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. సర్ పక్కన నిలబడి కంటి కొసతో చూడటానికి తంటాలు పడుతున్నారు.

“ఏం కనిపిస్తోంది?”

“తెలుపు,” అన్నాను. మరికాసేపు ఆగి మళ్ళీ చెప్పాను. “అంతా తెలుపే సర్. గీత లేదు.”

“ఖలాస్,” అన్నారు ఆయన. అంత సంతోషంగా ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత పాత పద్ధతిలో జిగురు కరిగించి, ములికిని ఒక కర్రకు తాత్కాలికంగా అతికించి, నున్నటి బల్ల మీద కొస ఆనించి తిప్పి చూశాం. వంకర ఉంటే వణుకుతుంది. వణకలేదు. పదును మాత్రం ఆయనే పెట్టుకున్నారు, కళ్ళు మూసుకుని, ఆకురాయిని వేళ్ళతో కొలుచుకుంటూ. రబ్బరు బ్యాండు నేను పట్టుకున్నాను. అంచు ఆనీ ఆనకముందే తెగి నా వేలికి తగిలింది.

ఆ శుక్రవారం సర్‌ను భోజనానికి పిలిచాను. ములికిని కూడా తెమ్మన్నాను. అత్తయ్య రాగిసంగటి, పొట్టేలు కూర వండారు. నా మటుకు నాకు పప్పు. సర్ చేత్తోనే తిన్నారు, సంగటి ముద్దను ఎలా పట్టుకోవాలో అత్తయ్య చూపిస్తే నేర్చుకున్నారు. ఆవిడ ప్రశ్నలన్నీ నేను ఇంగ్లీషులో చెప్పాలి, ఆయన జవాబులు తెలుగులో చెప్పాలి. నా పప్పన్నం చల్లారిపోయింది.

“జింకను కొట్టి తింటారా, ఊరికే కొట్టి పారేస్తారా, అడుగుమే.”

“తింటాం. చర్మం కూడా పారెయ్యం,” అన్నారు సర్.

“అట్లయితే సరే,” అని ఆవిడ ఇంకో గరిటె కూర వడ్డించారు.

అప్పుడు అత్తయ్యకు ఆ మాటు సంగతి చెప్పాను. ఎవరు వేశారో, కళ్ళజోడు సంగతేమిటో. ఆవిడ గరిటె కింద పెట్టారు. “ఆయప్ప నాయిన చేతి మాటు అని నాకేం తెలుసు?” అన్నారు. “పూజకు పనికిరాదని బియ్యం డబ్బా ఎనకేస్తినే.” లేచి చెయ్యి కడుక్కుని, పూజగూటి దగ్గరికి వెళ్ళి, పళ్ళెం తెచ్చారు. ములికిని అందులో పెట్టించి, పసుపు రాసి, గంధం ముద్ద మీద కుంకుమ బొట్టు పెట్టారు. సరిగ్గా ఆ ఇత్తడి గీత మీద. దండం పెట్టుకున్నారు. సర్ కూడా లేచి నిలబడ్డారు.

“మరి ఈయన పనిముట్టేంది? అందరివీ పెట్టినాం గదా ఆ పొద్దు,” అన్నారు అత్తయ్య.

ఏం చెప్పాలో ఆలోచించాను. “చూడటమే అత్తయ్యా ఆయన పని. నాకూ చూడటం ఆయనే నేర్పారు.”

ఆవిడ చెయ్యి చాచారు. సర్‌కు నేను చెప్పేలోపే అర్థమైంది. కళ్ళజోడు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. అత్తయ్య దాన్ని కొంగుతో తుడిచి, ముక్కు మీద ఆనే చోట, రెండు అద్దాల మధ్య, గంధం ముద్ద పెట్టి కుంకుమ అద్దారు.

వేట ఏమైందని మీరు అడుగుతారు కాబట్టి అది ముందే చెప్పేస్తాను. సర్ వెళ్ళిపోయాక, నవంబరు చివర్లో ఆయన గొంతుతో ఒక సందేశం వచ్చింది. చెల్లెలు బాణం వేసింది. జింక కళ్ళ ముందే కొద్ది దూరంలో పడిపోయింది, బాధ పడలేదు. మాటు నిలిచింది. నేను ఆ జింక కోసం కాస్త ఏడ్చాను, వాళ్ళిద్దరి కోసం సంతోషించాను, రెండూ నిజమే. అప్పటికి ఊరు చేరిన మా అత్తయ్య మాత్రం ఫోనులో ఆ మాట విని, “పెట్టిన బొట్టు ఊరికే పోతుందా?” అన్నారు, ఆ జింకను తనే కొట్టినంత ధీమాగా.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మా ఇంట్లో భోజనం అయిన తర్వాతి ఆదివారం. సర్ మామూలుగానే ల్యాబ్‌కు వచ్చారు. తల పక్కకు తిప్పి, కంటి కొసతో మీటరు చదువుతున్నారు. అద్దాల మధ్య గంధం ముద్ద ఎండి అలాగే ఉంది, మీద ఎర్రగా కుంకుమ. అందరూ చూస్తున్నారు గానీ ఎవరూ ఏమీ అనడం లేదు. మరిచిపోయారేమోనని నేనే దగ్గరికి వెళ్ళి, “సర్, కళ్ళజోడు మీద ఇంకా ఉంది, తుడవనా?” అన్నాను.

“తెలుసు,” అన్నారు ఆయన, మీటరు మీంచి తల తిప్పకుండానే. “ముక్కుకు తగులుతోంది. ఉండనీయండి.”